ఎత్తు ఐదడుగుల లోపే.. మొదటి మౌంటెన్ బైక్ ఎలాంటిది కొనాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 50 కిలోలు. ఆదివారాలు బీచ్ రోడ్డులో, అలవాటయ్యాక కైలాసగిరి వైపు, మట్టి దారుల్లో సైకిల్ తొక్కాలని కోరిక. అన్నయ్య 29 అంగుళాల మౌంటెన్ బైక్ తీసుకుని కొన్ని వారాలు తొక్కాను. మోకాలి చిప్ప దగ్గర నొప్పి, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిర్లు, మెడ పట్టేయడం మొదలయ్యాయి. షాపులో అడిగితే సీటు దించుకుంటే చాలంటున్నారు. అమ్మేమో ఇలాంటివి తొక్కితే గర్భసంచికి మంచిది కాదంటోంది. నేను తొక్కొచ్చా? ఏ సైకిల్ కొనాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా తొక్కొచ్చు. ముందు అమ్మగారి టెన్షన్ తీర్చేద్దాం. గర్భసంచి కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది, సైకిల్ తొక్కినంత మాత్రాన దానికేమీ కాదు, రేపు పిల్లలు పుట్టడానికీ అడ్డు రాదు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం పడిపోయే ప్రమాదం ఉందని గతుకుల దారులు వద్దంటాం, అంతే.

ఇక మీ నొప్పులు. మూడూ ఒక్క చోటి నుంచే వస్తున్నాయి, ఆ సైకిల్ మీ కొలతది కాదు. సీటు దించుకోమన్న సలహా మీ మోకాలికి ఇంకా చేటు. సీటు మరీ కిందికుంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుని, చిప్ప వెనకాల తొడ ఎముక మీద ఒత్తిడి పడుతుంది, అదే నొప్పి ముందు వైపు తెలుస్తుంది. పైగా సీటు ఎంత దించినా హ్యాండిల్ మీ దగ్గరికి రాదు కదా! అందుకోవడానికి మీరు ముందుకు సాగుతారు, ఒంటి బరువంతా అరచేతుల మీదకొస్తుంది, చిటికెన వేలి వైపు మణికట్టు కింద నుంచి వెళ్లే అల్నార్ నరం నలుగుతుంది. సరిగ్గా మీరు చెప్పిన ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం అది. వంగిన ఒంటితో దారి చూడాలంటే తల పైకెత్తాలి, అక్కడ మెడ పట్టేస్తుంది.

మన షాపుల్లో 26, 29 అని చెప్పేది చక్రం సైజు, దాన్ని పట్టుకుని కొంటే ఇబ్బందే. మీరు అడగాల్సింది ఫ్రేమ్ సైజు. మీ ఎత్తుకు ఎక్స్ఎస్, లేదా 13-14 అంగుళాల ఫ్రేమ్, చక్రాలు 26 గానీ 27.5 గానీ సరిపోతాయి. చవక మోడళ్లలో చాలావాటికి ఒకే ఫ్రేమ్ సైజు వస్తుంది, దాన్నే అందరికీ అంటగడతారు. అలాంటి చోట 24 అంగుళాల చక్రాలున్న జూనియర్ సైకిల్ మీకు హాయిగా ఉండొచ్చు, పిల్లల సైకిల్ అని మొహమాటపడకండి.

షాపుకెళ్లే ముందు ఇంట్లో ఒక కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడల్ కాడలు రెండూ తిరిగే మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 68 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, సీటు 60 దగ్గర ఉండాలి. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే, తర్వాత మీ కాలే చెబుతుంది: మడమ పెడల్ మీద పెట్టి అడుగుకు తొక్కితే కాలు నిటారుగా అవ్వాలి, పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు 25-35 డిగ్రీలు వంగి ఉండాలి. మోకాలి వెనక గుంజుతుంటే సీటు ఎక్కువ పైకుందని.

అంత ఎత్తులో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు, కంగారుపడకండి. ఆగేటప్పుడు సీటు మీద నుంచే కాలు దించకుండా, బ్రేకు వేస్తూ ముందుకు జారి రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడటం నేర్చుకోవాలి. అందుకే బూట్లతో అలా నిలబడినప్పుడు రాడ్డుకీ మీకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి, లేదంటే కొనొద్దు. మొదటి వారం రెండు వారాలు భయంగా ఉంటే సీటు కొంచెం దించుకుని, ధైర్యం వచ్చేకొద్దీ పెంచుకోండి.

తొక్కి చూసినప్పుడు మోచేతులు కాస్త వంగి ఉన్నాయా, బ్రేకు లివర్ ఒక వేలితో, రెండు వేళ్లతో సుఖంగా అందుతోందా చూడండి. చాలా లివర్లకు చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే దగ్గరికొస్తుంది. డబ్బులకు వీలైతే హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులు తీసుకోండి, చిన్న చేతులకు శ్రమ తగ్గుతుంది. పెడల్ క్రాంక్, అంటే పెడల్ బిగించే కాడ, 175 మిల్లీమీటర్లది మీ కాలికి పొడవు, 165 లేదా అంతకంటే తక్కువ దొరికితే మోకాలు సంతోషిస్తుంది. సస్పెన్షన్ చూసి మాత్రం మోజుపడకండి. చవక సైకిళ్లలో ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగ్ ఫోర్కులు 50 కిలోల బరువుకి సరిగా కదలవు, బరువు మాత్రం పెంచుతాయి. దానికన్నా వెడల్పు టైర్లు నయం. గాలి కూడా టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టించకుండా కనిష్ఠానికి దగ్గరగా ఉంచండి.

దిండులాంటి మెత్తటి సీటూ వద్దు, అందులో కూరుకుపోతే ఒరుసుకుంటుంది, తిమ్మిరెక్కుతుంది. కూర్చునే ఎముకలు రెండూ ఆనేంత వెడల్పున్న ఓ మోస్తరు గట్టి సీటు, ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ చాలు. షార్ట్స్ లోపల లోదుస్తులు వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరిపిడికి కారణం.

ఇప్పటికి అన్నయ్య సైకిల్ ఆపేయండి. ఓ రెండు వారాలు తొక్కకపోయినా వేళ్ల తిమ్మిరి తగ్గకపోతే, చేతిలో పట్టు సడలినట్టుంటే, మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోయినా కొత్త సైకిల్ సంగతి పక్కనపెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి.