సీసా ఉప్పునీళ్ల వాహకత రెట్టింపు వస్తుందా?

తమ్మీ, లీటరుకు 9 గ్రాముల ఉప్పేసిన నీళ్ల సీసాను పాలమూరు నుంచి పట్నం తీస్కపోయి 3 టెస్లా ఎమ్మారైల పెట్టిస్తే, బొమ్మల ఫేజ్ (సిగ్నల్ అల ఎంత జరిగిందో చెప్పే కోణం) నుంచి తీసిన వాహకత, అంటే కరెంటు ఎంత సులువుగ పారుతదో ఆ లెక్క, మీటరుకు 1.6 సీమెన్స్ రావాల్సింది 3.2 వచ్చింది, అంచుల దగ్గర బొమ్మంత ఆగమైందన్నవ్.

మొదటిది చిన్న తప్పే. స్కానర్ ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) క్షేత్రమే నీళ్లల్ల కరెంట్లు పుట్టిస్తది, అవి ఫేజ్‌ను వంచుతయి. కానీ నువ్వు కొలిచిన ఫేజ్‌ల పంపినప్పటిది, అందుకున్నప్పటిది రెండూ కలిసుంటయి. సగం చేసి, ఫేజ్ వంపు నుంచి వాహకత తీసే సూత్రంల పెట్టు, సరిపోతది. స్పిన్ ఎకో పద్ధతి స్కానే తీసినవ్ గదా? గ్రేడియెంట్ ఎకో అయితే అయస్కాంత క్షేత్రం హెచ్చుతగ్గులు గూడ వచ్చి చేరతయి.

అసలు తిప్పలంతా లాప్లాసియన్‌తోని, అంటే ఫేజ్ ఎంత వంగిందో తీసే లెక్కతోని. 3 టెస్లా స్కానర్ నడిచే 128 మెగాహెర్ట్జ్ దగ్గర, 2 మిల్లీమీటర్ల వోక్సెల్‌కు (బొమ్మల ఒక చిన్న ఘనపు గడికి), సగం చెయ్యని ఫేజ్‌ల నీ ఉప్పునీళ్లు ఇచ్చే వంపు సుమారు 0.013 రేడియన్లే. ఫేజ్‌ల నాయిస్ 0.01 ఉన్నా, ఏడు బిందువుల లాప్లాసియన్ (నడిమి వోక్సెల్‌కు, దాని ఆరు పక్కలకు నడుమ తేడాలు తీసేది) దాన్ని ఆరున్నర రెట్లు చేస్తది. ఇగ సిగ్నల్ యాడ కనవడ్తది? అందుకే వరుస తేడాలు తీయకు. ప్రతి వోక్సెల్ చుట్టూ 7×7×7 డబ్బాల వర్గ బహుపదిని (రెండో ఘాతం దాంక ఉండే సమీకరణాన్ని) ఫిట్ చెయ్, దాని వంపు తీస్కో. ఆ డబ్బా సీసా గోడ దాటొద్దు. వాహకత చుట్టుపక్కల ఒక్క తీరుగ ఉందనుకునే సూత్రమిది, పొలం గట్టు దాటినట్టు గోడ దాటితే లెక్క చెల్లదు, అంచుల దగ్గర ఆగమైంది గందుకే. ముందుగాల మాస్క్ (నీళ్లు యాడిదాంక ఉన్నయో చూపే హద్దు) గీసి, లోపలి వోక్సెల్స్‌నే ఫిట్‌ల పెట్టు.

ఇంకోటి, బోరు నీళ్లు పోసినవా ఏంది? మా నల్లగొండ బోర్లల్ల ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, వేరే లవణాలు గూడ ఉంటయి. డిస్టిల్డ్ వాటరే పొయ్. ఆ 1.6 అనేది 25 డిగ్రీల లెక్క, డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతది. బస్సుల ఎండకు కాగిన సీసాను స్కాన్ గదిల ఓ రెండు గంటలు పెట్టినంకనే తీయించు.