ఐఎల్-6 ఎక్కువ ఉందంటే ఇమ్యూనిటీ పెంచే మందు వాడాలా?

మీ నాన్నగారికి ప్రొస్టేట్ క్యాన్సర్, రక్తపరీక్షలో ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్) ఎక్కువ వచ్చింది, ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. హన్మకొండలో మా బాపును ఐదేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్నవాణ్ని, అంతే.

బాపుకు మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తగ్గిస్తే ఈ క్యాన్సర్ అణుగుతుందని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించారు, 1966లో నోబెల్ అందుకున్నారు. బాపు పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్, ఈ క్యాన్సర్ ఎట్లా ఉందో దాన్ని బట్టే చూస్తారు) 60 దాటినది 1 లోపుకు దిగింది. రెండేళ్లు నిమ్మళంగా ఉన్నాం. తర్వాత 3, 7, 12 అంటూ ఎక్కడం మొదలుపెట్టింది. టెస్టోస్టిరాన్ మాత్రం అడుగునే ఉంది.

అప్పుడు మా డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైంది ఇట్లా. కరెంటోళ్లు కనెక్షన్ కట్ చేస్తే కొందరు తీగకు కొక్కెం తగిలించి బావి మోటారు నడుపుకోరూ, హార్మోన్ ఆపేసినా కణితి చేసేదీ అదే. ఐఎల్-6 మన రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు. జ్వరం వచ్చినప్పుడు అది కావాల్సిందే. కానీ కణితి కూడా దాన్ని తయారు చేసుకుంటుంది. అది కణంలోపల స్టాట్3 అనే ప్రొటీన్‌ను లేపుతుంది. దాంతో హార్మోన్ అంతగా లేకపోయినా ఆండ్రోజెన్ రిసెప్టర్, అంటే కణంలో మగ హార్మోన్ మాట వినే స్విచ్, పని మొదలుపెట్టగలదు. ఇదొక్కటే దారి కాదు, ఆ రిసెప్టరే మారిపోవడం కూడా ఉంటుంది.

ఇది తెలియక ముందు మా చుట్టమొకాయన అంటగట్టిన 'ఇమ్యూనిటీ' పొడి ఆరు నెలలు పాలల్లో కలిపి తాగించాను. ఆ స్టీలు డబ్బా ఇంకా అటక మీదే ఉంది. పీఎస్ఏ వీసమంత తగ్గలేదు. అసలు ఏ కబురు పెంచుతున్నామో తెలియకుండా ఇమ్యూనిటీ పెంచడమేంటో!

పోనీ ఐఎల్-6ను ఆపేస్తే సరిపోతుందా అంటే, సిల్టుక్సిమాబ్ అనే మందుతో ముదిరిన దశలో ప్రయత్నించారు, ఆశించిన ఫలితం రాలేదు. అమెరికాలో 2010లో అనుమతి వచ్చిన సిప్యూల్యూసెల్-టి అనే చికిత్స వేరు. రోగి రోగనిరోధక కణాలనే బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా చేసి తిరిగి ఎక్కిస్తారు. ట్రయల్‌లో ఆయుష్షు నాలుగు నెలల దాకా పెరిగింది. ఎముకలకు పాకినప్పుడు అవి విరగకుండా ఇచ్చే డెనోసుమాబ్ అనే మందు కూడా ర్యాంక్‌ఎల్ అనే ఇలాంటి కబురునే ఆపుతుంది. బాపుకు ఇప్పుడు అదే నడుస్తోంది.

ఇంకో మాట. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే ఐఎల్-6, పీఎస్ఏ రెండూ ఎక్కొచ్చు. బాపుకు ఒకసారి అట్లనే అయి, వారం రోజులు ఇంటిల్లిపాదీ టెన్షన్‌తో నిద్రపోలేదు. రక్తం ఇచ్చిన రోజుల్లో మీ నాన్నగారికి జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉందేమో గుర్తుచేసుకుని, ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.