క్లాసు ఫోటోలోని వాళ్ళ కోసం

చిరంజీవి అమ్మాయికి, కర్నూలు నుండి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న నువ్వు అనంతపురం నుండి ఫోను చేసి, మీ 1995 డిగ్రీ బ్యాచి వాళ్ళందరినీ ఒకచోట చేర్చాలని ఉందని, అయితే పిల్లల పెళ్ళిళ్ళు, ఉద్యోగ బాధ్యతలు ఒక దరికి చేరాక, రిటైరైన తరువాత తీరికగా ఆ పని పెట్టుకుంటానని అన్నావు. ఆ చివరి మాట విన్నప్పటి నుండి నాకు మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే సగం మాటలు జారిపోతాయని ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

నేనూ అలాగే అనుకున్నాను తల్లీ. మాది 1977 బ్యాచి. 2015లో 58 నిండగానే ఉద్యోగం అయిపోతుంది కాబట్టి, ఆ ఏడాది దసరా తరువాత అందరినీ పిలవాలని నేనూ, ఆదోనిలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలూ ముందే మాట్లాడుకొని ఉన్నాము. 2014లో ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 60కి పెంచింది. ఇంకో రెండేళ్ళ జీతం వస్తుంది, పిల్లల పనులు కూడా తెములుతాయి, ఆ తరువాతే నిదానంగా కలుద్దామని ఇద్దరమూ సంతోషంగానే వాయిదా వేసుకున్నాము. 2016 చివరలో ఆమె పోయింది. పిలవవలసిన వారి జాబితా ఆమె చేతివ్రాతతో నా దగ్గర మిగిలింది. అందులో ఇరవై రెండు పేర్లున్నాయి, చివరి పేరు పక్కన "ఎక్కడుందో కనుక్కోవాలి" అని ఉంది. నేను 2017లో రిటైరై ఆ కాగితం పట్టుకొని వెదకడం మొదలుపెట్టేసరికి ఆ చివరామె సంగతి తెలిసిన మనిషి నాకు ఇంకెవరూ లేరు. మీకైతే 2022 నుండి ఆ వయస్సు 62 అయింది. 1974లో పుట్టిన నువ్వు 2036 దాకా ఆగుతావా? ఈ నెలలోనే మొదలుపెట్టు.

మగపిల్లల బ్యాచీలకు అంతగా లేని చిక్కు మనకు ఒకటి ఉంది. కాలేజీలో మనం పిలుచుకున్న పేరు పెళ్ళితో సగం మారిపోతుంది. ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, కొందరికి అత్తవారు అసలు పేరే మార్చి ఉంటారు. అందుకని ఫేసుబుక్కులో పాత పేరు కొట్టి, కనబడలేదని వదిలిపెట్టవద్దు. మన ఆడపిల్లల ఆచూకీ పుట్టింటి ఊరిలో దొరుకుతుంది. ఎమ్మిగనూరు అమ్మాయి అని గుర్తుంటే ఎమ్మిగనూరులో వాళ్ళ నాన్న ఏం చేసేవాడో, అన్నదమ్ములు ఏ వీధిలో ఉండేవారో గుర్తు చేసుకో. అన్న బట్టల కొట్టు ఇప్పుడు కొడుకు చేతికి వచ్చి ఉండవచ్చు, కాని చెల్లెలి ఫోను నంబరు ఆ ఇంట్లో తప్పక ఉంటుంది. నేను వెదికి పట్టుకున్న పదిహేడు మందిలో పదకొండు మంది ఇలా పుట్టింటి దారిలోనే దొరికారు.

ఇక పేర్లే గుర్తు రాకపోతే ఏం చేయాలో చెబుతాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా కింది గదిలోని బీరువా నీళ్ళలో నానింది. అందులోని మా గ్రూపు ఫోటోను బురదలో నుండి తీసి నీడన ఆరబెట్టాను. ముఖాలు చాలా వరకు నిలిచాయి. అయితే అట్ట అడుగున "నిలుచున్నవారు, ఎడమ నుండి కుడికి" అని అచ్చు వేసిన పేర్ల వరుస ఉబ్బి, పొరలుగా లేచి, వేలు తగిలితే రాలిపోయింది. రెండు జడల అమ్మాయి కళ్ళెదురుగా నవ్వుతూ ఉంటుంది, పేరు మాత్రం నోటికి రాదు. అప్పుడు ఒక తెల్లకాగితం మీద మా తరగతి గదిని గీశాను. బెంచీలు, కిటికీలు, నల్లబల్ల గీసి, నాకు తెలిసిన వారిని వారి చోట కూర్చోబెట్టి, ఖాళీలు అలాగే ఉంచి, ఆ కాగితం నంద్యాలలో ఉన్న ఒకామెకు చూపించాను. మూడో బెంచీలో కిటికీ పక్క ఖాళీ చూడగానే ఆమె, "ఇక్కడ కూర్చునేది నాకు రోజూ చింతకాయ తొక్కు పెట్టేది కదా" అని పేరుతో సహా చెప్పేసింది. నీ ఫోటో చెక్కుచెదరకుండా ఉన్నా సరే ఈ బెంచీల కాగితం గీయి. ఎందుకంటే ఫోటో తీసేది చివరి ఏడాదిలో, అప్పటికే పెళ్ళి చేసి చదువు మాన్పించిన వాళ్ళు అందులో ఉండరు. వాళ్ళను కూడా పిలవాలి. మొదటి సంవత్సరం మాత్రమే మాతో చదివిన ఒకామె, "నన్ను కూడా మీలో లెక్కవేశారా" అని ఫోనులో ఏడ్చింది.

నంబరు దొరికిన వెంటనే వాట్సాప్ గ్రూపులో చేర్చేయవద్దు. ముందు నువ్వే ఫోను చేసి మాట్లాడు. కొందరి ఫోను కొడుకు చేతిలోనో కోడలి చేతిలోనో ఉంటుంది, అడిగి, సరేనన్న తరువాతే చేర్చు. మొదటి మాటగా "పిల్లలు ఏం చేస్తున్నారు" అని అడగడం మనకందరికీ అలవాటే, కాని ఆ మాట దగ్గర జాగ్రత్తగా ఉండు. ముప్పై ఏళ్ళలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలియదు. పిల్లలు లేనివారు ఉంటారు, ఉన్న పిల్లను పోగొట్టుకున్నవారు ఉంటారు. ఆమె గురించి నీకు గుర్తున్నది ఒకటి చెప్పు, పాట పాడేదనో, రికార్డు బుక్కులో బొమ్మలు బాగా వేసేదనో. మిగతా కబుర్లు ఆమే చెబుతుంది. గ్రూపు పెట్టాక కూడా, అందులో ఎప్పుడూ ఒక్క మాట వ్రాయని వారికి నెలకొకసారి విడిగా ఫోను చేయడం మానవద్దు. నా అనుభవంలో కష్టంలో ఉన్నవారే మాట్లాడకుండా ఉండిపోయారు.

కలుసుకునే రోజు పండగ దగ్గర పెట్టవద్దు. మీ వయస్సులో పండగకు పుట్టింటికి వెళ్ళేది మీరు కాదు, మీ కూతుళ్ళూ అల్లుళ్ళే మీ ఇంటికి వస్తారు. రంజాను నెల కూడా వద్దు, మీ క్లాసులో ముస్లిం పిల్లలు ఎంతమంది ఉండేవారో నాకు గుర్తుంది. రెండవ శనివారం మంచిది, బ్యాంకులకు కూడా 2015 నుండి ఆ రోజు సెలవు. హైదరాబాదు వారికీ బెంగళూరు వారికీ దారిలోనే ఉంటుంది కాబట్టి కర్నూలులోనే పెట్టండి. పొద్దున ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం భోజనం చాలు, చీకటి పడకముందే బస్సెక్కేలా చూడండి. ఖర్చు తలా ఒకేలా, తక్కువలో ఉండాలి. చీటీలు, అప్పులు, బీమా పాలసీల మాట గ్రూపులోకి రానివ్వద్దు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మేము 2018లో కలిసినప్పుడు, వచ్చినవారికి పసుపు కుంకుమ, గాజులు ఇవ్వాలని ఎవరో ముచ్చటపడి పళ్ళెం సిద్ధం చేశారు. ఆ పళ్ళెం వరుసగా దగ్గరకు వస్తుంటే, అంతవరకు మా అందరికంటే ఎక్కువగా నవ్వుతున్న ఒకామె మెల్లగా లేచి చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి, కొళాయి తిప్పకుండా గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. మరుసటి ఏడు ఆమెను పిలవడానికి నేను ఇంటికి వెళ్ళినా రాలేదు. మీరు ఆ పళ్ళెం పెట్టవద్దు. ఇవ్వాలనుకుంటే అందరికీ ఒకే రకం పూలమొక్క ఇవ్వండి, లేదా ఆ పాత ఫోటోకు తలా ఒక నకలు తీయించి ఇవ్వండి.

వచ్చే ఆదివారం నీకు వీలైతే ఒకసారి కర్నూలు రా. నీ ఫోటో తీసుకొని రా, తెల్లకాగితాలు, స్కేలు నా దగ్గర ఉన్నాయి. మీ బ్యాచిలో డోన్ నుండి రోజూ వచ్చే ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇంటివారు మాకు కొంత తెలుసు, వాళ్ళ మేనమామకు ముందుగానే ఫోను చేసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ