చివరి పాట దగ్గర మొదలుపెట్టు

అబ్బాయ్,

నిర్వాణ అనే అమెరికన్ రాక్ బ్యాండు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని. వాక్యం బాగా నడుస్తోంది నీకు, ఎక్కడా తడబాటు లేదు. నన్ను కాస్త కంగారుపెట్టింది కూడా అదే. పన్నెండు పేజీలూ అయ్యాక, నువ్వు వాళ్ల నెవర్‌మైండ్ ఆల్బం విన్నావో లేదో నాకు తెలియలేదు. విన్నావనే నమ్ముతాను. విన్న గుర్తు మాత్రం కాగితం మీద లేదు.

నువ్వు 1994 ఏప్రిల్‌లో మొదలుపెట్టావు. బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ 27 ఏళ్లకే ప్రాణం తీసుకోవడం, ఆ దుఃఖం, ఆ అభిమానులు. అక్కణ్ణించి వెనక్కి నడుచుకుంటూ ఆల్బం దగ్గరికి వచ్చావు. అలా వస్తే ప్రతి పాటా మరణవాంగ్మూలంలాగే వినిపిస్తుంది మరి. 1991 మే నెలలో లాస్ ఏంజెలస్ పక్కన వాన్ నైస్‌లో ఉన్న సౌండ్ సిటీ స్టూడియోకి వెళ్లినప్పుడు కొబేన్‌కి 24 ఏళ్లు. ఇంచుమించు నీ ఈడే. కొన్ని పాటలకు మాటలు ఇంకా పూర్తికాలేదు. డ్రమ్స్ వాయించే డేవ్ గ్రోల్ బ్యాండులో చేరి ఏడాది కాలేదు. వాళ్ల మొదటి ఆల్బం బ్లీచ్ రికార్డింగ్ 606 డాలర్ల 17 సెంట్లలో అయిపోయింది. అలాంటివాళ్లకి ఒక పెద్ద కంపెనీ డబ్బుతో మంచి స్టూడియో, కొన్ని వారాల సమయం దొరికాయి. అంతే సంగతి. సెప్టెంబర్ 24న ఆల్బం విడుదలైన రోజుకి అమెరికాలో దుకాణాలకు వెళ్లిన కాపీలు 46 వేల చిల్లర. నాలుగు నెలలు తిరక్కుండానే, 1992 జనవరిలో, అది మైకేల్ జాక్సన్ డేంజరస్ ఆల్బాన్ని కిందికి దించి బిల్‌బోర్డ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికెక్కింది. కంపెనీవాళ్లు అంత ఊహించి ఉంటే 46 వేలతో సరిపెట్టేవాళ్లా? నీ వ్యాసంలో మాత్రం అందరికీ అన్నీ ముందే తెలుసు. రోలింగ్ స్టోన్ పత్రిక అప్పట్లో దీనికిచ్చింది అయిదుకి మూడు నక్షత్రాలేనయ్యా. అది కూడా రాయి. ఆ సమీక్షకుడు చెవిటివాడేమీ కాదు, ఇంకా కథ తెలియని రోజుల్లో విన్నాడు, అంతే.

రెండో పేజీలో బ్యాండు పేరు పట్టుకుని బుద్ధుడి దగ్గరికి, అక్కణ్ణించి అమరావతి స్తూపం దాకా వెళ్లావు. పేరు మనది కదా అని మనసు లాగుతుంది, కాదనను. కానీ పాఠకుడు గిటార్ వినడానికి వచ్చాడు, నువ్వు బస్సెక్కించి అమరావతి తీసుకుపోయావు. కొట్టేశాను. అయిదో పేజీలో కొబేన్‌ని మన మహాకవితో పోల్చిన పేరా కూడా కొట్టేశాను. ఆ పోలికతో ఇద్దరిలో ఒక్కడి గురించైనా కొత్తగా ఏమన్నా తెలిసిందా చెప్పు.

ఒక్క తప్పు మాత్రం ఉంచమంటాను. ఆల్బంలో మొదటి పాట స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్ అన్న పేరుకి నువ్వు 'యువతరం స్ఫూర్తి పరిమళం' అని అర్థం చెప్పావు. టీన్ స్పిరిట్ అనేది చంకల్లో రాసుకునే డియోడరెంట్ పేరు. బికినీ కిల్ బ్యాండులో పాడే కాథ్లీన్ హానా ఒక రాత్రి కొబేన్ గది గోడ మీద, వాడి దగ్గర ఆ వాసనొస్తోందని సరదాగా రాసింది. కొబేన్‌కి ఆ సరుకు సంగతి తెలియదు. అదేదో తిరుగుబాటు నినాదమనుకుని పాటకి పేరు పెట్టేశాడు. అంటే నువ్వూ అతనూ చేసింది ఒకే పొరపాటు. దాన్ని దాచకు, వ్యాసంలోకి తెచ్చుకో. విశేషణాలు నాలుగు పేజీలు పేర్చినా రానిది ఆ గోడ మీది రాతతో వస్తుంది.

విశేషణాల మాట వచ్చింది కాబట్టి నా సంగతీ చెప్తాను. నేను మొదటిసారి సంగీతం మీద రాసిన వ్యాసంలో 'హృదయ తంత్రులను మీటింది' అని మూడుచోట్ల రాశాను. సంపాదకుడు మూడింటి పక్కనా మార్జిన్‌లో ఒకే ప్రశ్న వేసి వెనక్కి పంపాడు: 'ఏ తంత్రి?' అప్పుడు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా ఆ ప్రశ్న పెట్టుకునే బతుకుతున్నాను. నీ వ్యాసంలో 'ప్రభంజనం' తొమ్మిదిసార్లు ఉంది. లెక్కపెట్టాను.

అందుకే చెప్తున్నాను, ఈసారి చివరి పాట దగ్గర మొదలుపెట్టు. సమ్‌థింగ్ ఇన్ ది వే. నువ్వు దానికి ఒకటిన్నర వాక్యం ఇచ్చావు, 'విషాదభరితం' అని. ఆ పాట ఎలా తయారైందో చూడు. మొదట బ్యాండంతా కలిసి వాయించారు, కుదరలేదు. కొబేన్ కంట్రోల్ రూములోకి వచ్చి, ఈ పాట ఎలా ఉండాలో చూపిస్తానని సోఫాలో వెల్లకిలా పడుకుని, వినీవినపడకుండా పాడాడు. నిర్మాత బుచ్ విగ్ అక్కడికక్కడే మైకులు తెప్పించి, ఏసీ ఆపించి, ఫోను తీయించి, ఆ సోఫా మీదే రికార్డు చేశాడు. గిటారేమో ఐదే తీగలున్న పాతది. శ్రుతిలో నిలవని బాపతు. తరవాత డ్రమ్స్, బేస్ గిటార్, కర్క్ కానింగ్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) అన్నీ దాని మీద కలపాలి. బేస్ వాయించే క్రిస్ట్ నొవొసెలిక్, కానింగ్ ఇద్దరూ ఆ తప్పు శ్రుతికి తమ వాద్యాలు సరిపెట్టుకోలేక అవస్థ పడ్డారు. డ్రమ్స్ చీల్చి చెండాడే గ్రోల్‌ని మెల్లిగా, ఇంకా మెల్లిగా అని బతిమాలి వాయించుకున్నారు.

మనం తంబురా ముందు కూర్చుని పెరిగిన చెవులవాళ్లం. శ్రుతి తప్పితే పక్కవాడి మోచేయి పొడిచే జాతి. ఆ చెవికి ఈ పాట ఏం చేస్తుందో రాయి. చెల్లో వచ్చేచోట ఏదో ఒకటి ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగినట్టుంటుంది, అయినా సరిచెయ్యాలనిపించదు. ఎందుకు అనిపించదు? నాకింకా పూర్తిగా అంతుపట్టలేదు. అంతుపట్టని సంగతి మీద రాయడమే బాగుంటుంది.

ఆ పాట గురించే ఇంకొకటి. సొంతూరు ఆబర్డీన్‌లో విష్కా నది వంతెన కింద తను బతికిన రోజుల నుంచి అది పుట్టిందని కొబేన్ చెప్పుకున్నాడు, నువ్వు కూడా అచ్చంగా దించేశావు. పోటు వచ్చిపోయే ఆ బురదగట్టు మీద ఎవరూ కాపురం ఉండలేరని, అది కర్ట్ తర్వాత తన కథకి చేసుకున్న దిద్దుబాటని నొవొసెలిక్ అన్నాడు. చిన్నప్పటి స్నేహితుడి మాట అది. రెండూ రాయి. కట్టుకథని తేలితే పాటకేం కాదు. ఇల్లు లేకుండా తిరిగిన రోజులు అతనికి నిజంగానే ఉన్నాయి, వంతెన ఒక్కటే అనుమానం.

ఇక డ్రమ్స్. నువ్వు 'ఉరుముల్లాంటి' అన్నావు. పోనీ, ఉరుమే. కానీ ఏ ఉరుము? మొదటి పాటలో గిటార్ నాలుగు కార్డులు గీకి ఊరుకోగానే గ్రోల్ విరుచుకుపడే ఆ దెబ్బలు, ఫంక్ బ్యాండు గ్యాప్ బ్యాండ్ దగ్గర, డిస్కో బ్యాండు షీక్ డ్రమ్మర్ టోనీ థాంప్సన్ దగ్గర ఎత్తుకొచ్చినవని గ్రోల్ తనే చెప్పాడు. అంటే డిస్కో! చినిగిన జీన్సులు, మాసిన గళ్ల చొక్కాల ఈ పాట అడుగున జనాన్ని చిందేయించే దరువు ఉంది. అది తెలిశాక మళ్లీ విను, కాలు ఎందుకు ఊగుతుందో తెలుస్తుంది. అలాగే ఆ పాటలో చరణం సద్దుమణగడం, పల్లవి విరుచుకుపడడం తన సొంతం కాదని, పిక్సీస్ బ్యాండుని కాపీకొట్టబోయానని కొబేన్ దాచకుండా ఒప్పుకున్నాడు. నీ వ్యాసం వీళ్లు శూన్యంలోంచి ఊడిపడ్డారంటుంది. వాళ్లే అనని మాట నువ్వెందుకు అనడం?

గొంతు మీద ఒక పేజీ ఖర్చుపెట్టు. నువ్వు 'ఆవేదనతో కూడిన' అన్నావు. నేనైతే జీర అంటాను. కేక మొదట్లో కాదు, కేక తెగిపోయేచోట వినిపించే జీర. చాలా పాటల్లో అది ఒక గొంతు కాదు, ఒకే మనిషి రెండుసార్లు పాడినదాన్ని ఒకదాని మీద ఒకటి పరిచారు. కొబేన్‌కి ఇష్టం లేదు, మోసంలా తోచింది. జాన్ లెనన్ కూడా ఇలాగే పాడేవాడని బుచ్ విగ్ అన్నాక దారికొచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇన్ బ్లూమ్ పల్లవి విను. రెండు గొంతులూ అంచు దగ్గర ఒరుసుకుంటాయి. నువ్వు ఆవేదన అన్నదాంట్లో సగం ఆ ఒరిపిడే కావచ్చు.

పాలీ పాట దగ్గర మాత్రం జాగ్రత్త. దాన్ని 'మధురమైన ప్రేమగీతం' అన్నావు. చదివి పెన్ను కింద పెట్టేశాను. 1987లో టకోమాలో పద్నాలుగేళ్ల పిల్లని ఎత్తుకుపోయి హింసించిన ఘటన అది. పాడేది ఆ నేరం చేసినవాడి నోటితో. మెత్తటి గిటార్ విని మోసపోయావు, మోసపోవాలనే అలా పెట్టాడు. ఇంకో సంగతి, ఆ పాట వాన్ నైస్‌ది కాదు. ఏడాది ముందు 1990లో మాడిసన్‌లోని స్మార్ట్ స్టూడియోస్‌లో చేసినది. అందులో వినిపించే తాళాలు గ్రోల్‌వి కావు, వెళ్లిపోయిన పాత డ్రమ్మర్ చాడ్ చానింగ్‌వి. మధ్యలో ఒకచోట కొబేన్ తొందరపడి ముందే పాట ఎత్తుకుని ఆగిపోతాడు. ఆ తప్పుని కూడా అలాగే ఉంచేశారు.

నీకు నచ్చనిది ఒక్కటీ లేదా ఈ ఆల్బంలో? ఉంటే ఎక్కడ? స్టే అవే పాట వస్తే నేను ఇప్పటికీ దాటేస్తాను, అప్పటికే రెండుసార్లు విన్న సంగతే అనిపిస్తుంది. కొబేన్‌కైతే మొత్తం ఆల్బం నునుపే నచ్చలేదు. మెటల్ బ్యాండు స్లేయర్ రికార్డులు మిక్స్ చేసిన మనిషి అని ఆండీ వాలెస్‌ని తనే ఎంచుకుని, తీరా అయ్యాక ఇది గరుకైన పంక్ రాక్ కంటే మెరుగులద్దిన మెటల్ బ్యాండు మాట్లీ క్రూకి దగ్గరగా ఉందన్నాడు. తరవాతి ఆల్బానికి గరుకు కోసం రికార్డింగ్ ఇంజినీరు స్టీవ్ ఆల్బినీ దగ్గరికి వెళ్లాడు. నేను వాలెస్ పక్షం. ఆ నునుపు లేకపోతే మా హాస్టల్ దాకా వచ్చేది కాదు ఈ పాట. నీకు కొబేన్ పక్షం అనిపిస్తే నాతో పోట్లాడు, నాకది ఇష్టం.

మా హాస్టల్ అన్నాను కదా. 1993లో పక్కగది సీనియర్ దగ్గర కాపీ కొట్టిన క్యాసెట్ ఉండేది. మీద బాల్‌పెన్నుతో బ్యాండు పేరు తప్పుగా రాసి ఉండేది. పాలీతో ఒక పక్క అయిపోతుంది, క్యాసెట్ తిప్పాలి, ఆ తిప్పే వ్యవధిలో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. నీ ఫోనులో ఆ వ్యవధి లేదు. ఆరో పాట తరవాత లేచి మంచినీళ్లు తాగిరా, సరిపోతుంది.

ఇంకొక్క సంగతి, నీ వ్యాసంలో లేనిది. చివరి పాట అయ్యాక దాదాపు పది నిమిషాల నిశ్శబ్దం, ఆ తరవాత చెప్పాపెట్టకుండా ఇంకో పాట, ఎండ్‌లెస్ నేమ్‌లెస్. లిథియం అన్న పాట కుదరక విసిగిపోయిన రోజున గిటార్ పగిలేదాకా వాయించిన గోల అది. మొదట అచ్చయిన కాపీల్లో పొరపాటున పడలేదు. మా క్యాసెట్లో కూడా లేదు. అందుకని దాని సంగతి నాకు తెలియదు. పెళ్లయిన కొత్తలో సీడీ కొనుక్కుని రాత్రి పదకొండింటికి పెట్టి, సమ్‌థింగ్ ఇన్ ది వే దగ్గర హాయిగా కన్ను మూశాను. కాసేపటికి ఇల్లు అదిరిపోయింది. వంటగదిలో స్టాండుతో సహా గిన్నెలన్నీ పడ్డాయనుకుని మీ పిన్ని లైటు వేసుకుని పరిగెత్తింది.

రెండో ప్రతి ఎప్పుడు పంపుతావో చెప్పు. ఆరు పేజీలు దాటొద్దు.

ఆశీస్సులతో,
మీ బాబాయి