కీమో తర్వాత తెల్లరక్తకణాలు ఎందుకు పడిపోతాయి, మళ్లీ ఎప్పుడు పెరుగుతాయి?

కీమో ఇచ్చిన తొమ్మిదో రోజుకు మీ నాన్నగారి కౌంట్ 1,200కి పడిపోయిందని, మందు ఒంటికి పడలేదేమోనని భయపడుతూ రాశారు. నేను తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా అమ్మకు కీమో జరిగినప్పుడు ఇదే టెన్షన్ పడ్డాను.

తెల్లరక్తకణాలు పుట్టేది ఎముకల్లోని మూలుగలో. పెద్దవాళ్లలో తుంటి ఎముక, రొమ్ము ఎముక, వెన్నుపూసల్లో ఈ పని ఎక్కువగా జరుగుతుంది. వాటిలో ఒక రకమైన టి కణాలు మాత్రం అక్కడ పుట్టి, గుండెకు పైన ఉండే థైమస్‌కు వెళ్లి ముదురుతాయి. తెల్లకణాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉండేవి న్యూట్రోఫిల్స్. బ్యాక్టీరియాను మింగి చంపేది ఇవే. ఒక్కోటి తయారు కావడానికి పది రోజులకు పైనే పడుతుంది, రక్తంలోకి వచ్చాక ఉండేది మాత్రం గంటల లెక్కే. కీమో మందు వేగంగా విడిపోయే కణాలను చంపుతుంది కాబట్టి మూలుగలో తయారవుతున్న పిల్లకణాలూ పోతాయి. నిల్వ ఉన్నవి కొన్ని రోజులు సర్దుతాయి. అవి అయిపోయాక, సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య, కౌంట్ బాగా జారుతుంది. ఎర్రకణాలు 120 రోజులు బతుకుతాయి గనక హిమోగ్లోబిన్ అంత గబుక్కున పడదు.

పదకొండో రోజు అమ్మ రక్తం స్లైడ్‌కు లీష్మన్ స్టెయిన్ (కణాలు తెలిసేలా వేసే రంగు) వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే, ఎంత జరిపినా ఎర్రకణాలే. ముదిరిన న్యూట్రోఫిల్‌లో కేంద్రకం ఊదారంగులో, సన్నని దారంతో కలిపిన మూడు నాలుగు ముద్దల్లా ఉంటుంది. పదమూడో రోజు ఒక కణం దొరికింది. కేంద్రకం ఇంకా ముద్దలుగా విడిపోలేదు, గుర్రపు నాడాలా వంగి ఉంది. బ్యాండ్ సెల్ అంటాం. మూలుగ మళ్లీ పని మొదలుపెట్టిందన్నమాట. కణాలు లెక్కపెట్టే మిషన్ ఇంకా 1,400 అనే చూపిస్తోంది, నేను మాత్రం వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. అలిపిరిలో టెంకాయ కొట్టి వస్తానని అప్పటికి వారంగా అడుగుతోంది. జనంలోకి వద్దని నేనే ఆపాను.

బొప్పాయి ఆకు రసం పట్టమని చాలామంది చెప్పారు, పట్టలేదు. డాక్టర్ రాసిన జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లే వేయించాం. మూలుగలో న్యూట్రోఫిల్స్ తయారీని తొందర చేసే మందు అది.

ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా చీము, వాపు సరిగా కనబడవు, జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు.

రిపోర్టులో న్యూట్రోఫిల్స్ శాతం కూడా చూడండి. 1,200లో 40 శాతమైతే 480. అది 500 కన్నా తక్కువ కాబట్టి ఈరోజే డాక్టర్‌కు చెప్పాలి.