సామోస్ మస్కట్ వైన్‌తో గులాబ్ జామూన్ పెట్టొచ్చా?

అన్నయ్య గ్రీస్ నుంచి సామోస్ మస్కట్ (అక్కడి సామోస్ దీవిలో మస్కట్ అనే ద్రాక్షతో చేసే వైన్) తెచ్చాడు, తియ్యగా ఉంటుందట, ఆదివారం గులాబ్ జామూన్‌తో ఇస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. వద్దండి. ఆ పని నేను చేసి చూశాను.

ఒక దీపావళికి నలుగురు స్నేహితులు ఇంటికొచ్చారు. జామూన్లు పాకంతో సహా గిన్నెల్లో వేసి, పక్కన ఈ వైన్ పోశాను. ఒక ముక్క తిని గుక్క వేసేసరికి, తేనెలాంటి వైన్ కాస్తా నిమ్మరసం పిండిన నీళ్లలా పుల్లగా, పలచగా తగిలింది. లడ్డు తిని టీ తాగితే టీ చప్పబడదూ, అదే సంగతి. పక్కన పెట్టేది వైన్ కన్నా తక్కువ తీపి ఉండాలి. అసలు తీపి లేకపోతే ఇంకా మంచిది.

సామోస్ వెళ్లినప్పుడు దీనికి సరైన జోడీ దొరికింది. టర్కీ తీరానికి బాగా దగ్గరగా ఉన్న దీవి అది. అంపెలోస్ కొండ మీద రాతి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా ద్రాక్ష వేస్తారు. వాతీ ఊళ్లో ఒక చిన్న హోటల్లో ఈ వైన్‌తో పాటు ఉప్పుప్పగా ఉన్న గొర్రెపాల చీజ్, నాలుగు అక్రోట్లు పెట్టారు. ఆ ఉప్పు తగలగానే వైన్‌లోని ఆప్రికాట్, ఎండుద్రాక్ష వాసనలు పైకి లేచాయి. అప్పటినుంచి ఇంట్లో బ్లూ చీజ్‌తోనే (నీలి బూజు చారలుండే ఉప్పటి చీజ్) తాగుతున్నాం. (మొదటిసారి తెచ్చినప్పుడు మా ఆవిడ బూజు పట్టిందని పారేయబోయింది.) అది దొరక్కపోతే ఉప్పు, మిరియాలు చల్లి నేతిలో వేయించిన జీడిపప్పు చాలు. తీపే కావాలంటే బాగా చల్లబెట్టిన ఖర్బూజా ముక్కలు, చక్కెర చల్లకుండా.

మిరపకాయ బజ్జీలు మాత్రం వద్దు. సామోస్ తీపి రకాల్లో ఎక్కువ భాగం సారా కలిపినవే. సారా పడగానే, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ పని ఆగిపోయి, ద్రాక్షలోని చక్కెర మిగిలిపోతుంది. ఆల్కహాల్ 15 శాతం దాకా ఉంటుంది కాబట్టి కారం మీద పడితే నోరు ఇంకా మండుతుంది.

మన వంటతోనే తాగాలనుంటే తీపి లేని మస్కట్ చూడండి. సిసిలీకి, ట్యునీషియాకి మధ్య పాంటెల్లేరియా అనే దీవి ఉంది. అక్కడ గాలి ఎంత జోరంటే తీగల్ని గుంటల్లో పొట్టిగా పెంచుతారు. ఆ సాగు పద్ధతిని 2014లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. అక్కడి మస్కట్ పేరు జిబిబ్బో, ఎండుద్రాక్షకు అరబ్బీలో వాడే మాట నుంచి వచ్చింది. దీంతో తీపి వైన్ చేస్తారు, తీపి లేనిదీ చేస్తారు. మస్కట్ ద్రాక్షలోనూ మన ధనియాల్లోనూ లినలూల్ అనే ఒకే వాసన పదార్థం ఉంటుంది. అందుకే కారం తగ్గించి, ధనియాల పొడి దట్టంగా పట్టించిన రొయ్యల వేపుడుతో తీపి లేని జిబిబ్బో భలే కుదురుతుంది. పన్నీరు ద్రాక్ష తిన్నవాళ్లకు ఈ వాసన కొత్తేమీ కాదు, అదీ మస్కట్ జాతే.

మీ బాటిల్‌ని రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెంగా పోయండి. మిగిలితే మూత బిగించి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టండి, వారం పది రోజులు బాగానే ఉంటుంది. జామూన్లు ఆ తర్వాత కాఫీతో పెట్టండి.