నలుగురితో పాటు సంతకం పెట్టలేనప్పుడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

చూడని పనిని చూసినట్టు తనిఖీ పత్రం మీద సంతకం పెట్టమని తోటివారంతా ఒత్తిడి చేస్తున్నారనీ, ఇంత దైవభయం ఉన్నవాడివి ఉద్యోగంలోకి ఎందుకొచ్చావని వెటకారమాడుతున్నారనీ రాశావు. సంతకం పెట్టవద్దు. ఈ మాట చెప్పడం తేలికే. పెట్టకుండా ఎలా నిలబడాలన్నదే కష్టం కనుక దాని గురించే రాస్తున్నాను.

ముందు, నీలో అడ్డుచెబుతున్నది అంతరాత్మో అహంకారమో తేల్చుకో. మెచ్చుకునేవాడు గానీ తిట్టేవాడు గానీ ఒక్కడూ లేకపోయినా ఇదే పని చేస్తానా అని నిన్ను నువ్వు అడుగు. జవాబు తడబడితే ఒక రోజు ఆగి, ప్రార్థనలో కూర్చుని మళ్లీ చూసుకో. మొండితనానికి భక్తి ముసుగు వేసుకున్నవారిని చాలామందినే చూశాను. వారితో వేగడం మహా కష్టం.

నలుగురితో పాటు నారాయణ అనడం పిరికివాళ్ల లక్షణం మాత్రమే అనుకోకు. 1950ల తొలినాళ్లలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవులు పోల్చి చెప్పమని కొందరిని అడిగాడు. గుంపులో మిగతావారు ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, పరీక్షకు వచ్చినవారు కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కూడా కాదని దాదాపు మూడో వంతు సందర్భాల్లో ఆ తప్పునే పలికారు. అయితే ఒక్క మనిషి నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. మీ కార్యాలయంలోనూ ఎవరో ఒకరు నోరు విప్పితే బాగుండునని ఎదురుచూస్తున్నవారు ఉండవచ్చు. పత్రం చేతికి రాకముందే వారితో విడిగా మాట్లాడు.

కాదనే తీరు కూడా ముఖ్యం. జాతీయగీతం పాడడానికి తమ మతవిశ్వాసం ఒప్పుకోని ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసివేస్తే, 1986లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. పాడకపోయినా వారు గౌరవంగా లేచి నిలబడేవారన్న సంగతిని న్యాయస్థానం గుర్తించింది. నువ్వూ అలాగే, “నేను చూడలేదు కనుక సంతకం పెట్టలేనండీ, అవకాశమిస్తే ఈరోజే చూసి పెడతాను” అని పై అధికారితో చెప్పి ఊరుకో. మిగతావారి సంతకాల గురించి ఒక్క మాట కూడా అనకు. ఉపన్యాసం మొదలుపెట్టావా, చర్చ పత్రం మీద నుంచి నీ మీదికి మళ్లుతుంది. ఆ తరువాత అదే మాటను తేదీ వేసి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకో.

బదిలీ కావచ్చు, పదోన్నతి ఆగవచ్చు. దేవుడి మీద నమ్మకం ఉంటే ఇవేవీ రావని నేను చెప్పను. వచ్చినప్పుడు ఆ భారం నీ భార్య కూడా మోయాలి కనుక, నిర్ణయం నీదే అయినా ఈ రాత్రే ఆమెతో కూర్చుని అంతా వివరంగా చెప్పు. తరువాతి తనిఖీ ఎప్పుడో నాకు రాయి.

శుభాశీస్సులతో,
నీ మేనమామ